ఊరి నిధి ఎవరిది? బాబాసాహెబ్ జీవితమంతా అడిగిన లెక్క

1901. కరువు కాలం. ఆకలికి జనం వేల సంఖ్యలో చనిపోతుంటే, పని కల్పించడానికి బొంబాయి ప్రభుత్వం సతారా జిల్లా ఖటావ్ తాలూకాలోని గోరేగావ్ దగ్గర ఒక చెరువు తవ్వకం మొదలుపెట్టింది. ఆ పనికి క్యాషియర్ రామ్‌జీ సక్పాల్. పట్టాళంలో సుబేదార్‌గా, సైనిక పాఠశాలలో పంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. కులానికి మహర్. వేసవి సెలవులకు పిల్లల్ని తన దగ్గరికి రమ్మని కబురు పెట్టాడు.

సతారా నుంచి పిల్లలు రైలెక్కారు. కొత్త చొక్కాలు, జరీ టోపీలు. వాళ్లలో తొమ్మిదేళ్ల భీమ్‌రావు ఒకడు, వెంట అన్న, అక్క పిల్లలు. మసూర్ స్టేషన్‌లో దిగారు. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. పిల్లలు వస్తున్నారన్న ఉత్తరం సంగతి నౌకరు తండ్రికి చెప్పడమే మర్చిపోయాడు. స్టేషన్ మాస్టర్ మొదట బాగానే మాట్లాడాడు, మహర్ పిల్లలని తెలిశాక వెనక్కి తగ్గాడు. బండ్లవాళ్లు ఎవరూ ఎక్కించుకోం అన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుని, బండివాడు పక్కన నడిచేలా ఒప్పందం చేసుకుని కదిలారు. తినడానికి తిండి ఉంది, తాగడానికి నీళ్లు లేవు. దారిలో కనబడిన నీళ్లు పేడ, బురద కలిసినవి. అర్ధరాత్రి టోల్ గేటు దగ్గర ముస్లిం పిల్లలమని చెప్పినా చుక్క నీళ్లు పుట్టలేదు. మర్నాడు పొద్దెక్కాక గోరేగావ్ చేరారు.

ఈ ప్రయాణం గురించి మనలో చాలామంది చదివే ఉంటారు. ఒక్క సంగతి మాత్రం ఎక్కువగా పట్టించుకోం. ఆ పిల్లల తండ్రి డబ్బు లెక్క చూస్తున్నది ఒక చెరువుకి. ప్రజల సొమ్ముతో, ప్రజల కూలితో, ప్రజల కోసం తవ్వుతున్న చెరువు. ఆ పనికి వచ్చిన ప్రతి పైసా ఒక మహర్ చేతి మీదుగా వెళ్తోంది. ఆ చేతుల్లో పెరిగిన పిల్లలకు మాత్రం దారి పొడుగునా గుక్కెడు నీళ్లు లేవు. తర్వాత యాభై ఐదేళ్లలో అంబేడ్కర్ చేసిన పనిలో ఒక ముఖ్యమైన పాయ అక్కడి నుంచే మొదలైందని నాకనిపిస్తుంది. ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, స్థానిక సంస్థ పని చేయిస్తుంది, ఆ పని ఎవరి ఇంటి ముందు ఆగిపోతుంది? రాజ్యాంగ నిర్మాతగా, న్యాయవాదిగా ఆయన మనకు బాగా తెలుసు. స్థానిక సంస్థల డబ్బు లెక్కలు తీసిన ఆర్థికవేత్తగా తక్కువ తెలుసు.

పుట్టింది 1891 ఏప్రిల్ 14న, మౌ కంటోన్మెంట్‌లో. పూర్వీకుల ఊరు రత్నగిరి జిల్లా అంబడవే. సతారా బడిలో గోనెసంచి మీద కూర్చోవడం, నౌకరు పైనుంచి పోస్తేనే నీళ్లు, నౌకరు రాకపోతే నీళ్లు లేకపోవడం, ఇవన్నీ అందరికీ తెలిసిన కథలే. ఆ బడి కూడా సర్కారు సొమ్ముతో నడిచే బడే. తర్వాత బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో 1907లో మెట్రిక్, ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో 1912లో బి.ఎ. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ.

కొలంబియాలో ఆయన గురువు ఎడ్విన్ సెలిగ్మన్. ప్రభుత్వ ఆర్థికశాస్త్రంలో, అంటే పన్నులు ఎవరి మీద వేయాలి, ఖర్చు ఎవరి కోసం పెట్టాలి అనే శాస్త్రంలో, అప్పట్లో పెద్ద పేరు. అంబేడ్కర్ అక్కడ ఎంచుకున్న విషయాలు చూడండి. ఎం.ఎ. కోసం 1915లో ఈస్టిండియా కంపెనీ పాలన, ఆర్థిక వ్యవహారాలు. ఆ తర్వాత బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య డబ్బు పంపకం. ఈ రెండో పరిశోధన 1925లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది. సెలిగ్మనే ముందుమాట రాశారు. అంబేడ్కర్ దాన్ని శాయాజీరావుకు అంకితమిచ్చారు. 1927లో కొలంబియా పిహెచ్.డి. దీనికే దక్కింది. మధ్యలో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 1921లో ఎం.ఎస్సీ., 1923లో రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. రూపాయి పుస్తకం గురించి ఈమధ్య చాలా మాట్లాడుతున్నారు. రాష్ట్రాల ఆర్థికం మీద ఆయన రాసిన పుస్తకాన్ని మాత్రం మన విద్యార్థి సంఘాల చర్చల్లో ఎవరూ పెద్దగా తెరవడం లేదు. కాస్త ఆగి అందులో ఏముందో చూద్దాం.

1833 చట్టంతో బ్రిటిష్ వాళ్లు డబ్బు అధికారమంతా కలకత్తాకు చేర్చారు. రాష్ట్రాల ప్రభుత్వాలు రోడ్లు వేయాలి, జైళ్లు నడపాలి, బళ్లు పెట్టాలి. పైసా ఖర్చుకు మాత్రం కలకత్తా అనుమతి కావాలి. వసూలు చేసే బాధ్యత రాష్ట్రానిది కాదు కాబట్టి పొదుపు చేయాలన్న పట్టింపు లేదు. ఎవరు ఎక్కువ గోల చేస్తే వాళ్లకు ఎక్కువ డబ్బు. 1857 తిరుగుబాటు తర్వాత ఖజానా ఖాళీ అయ్యేసరికి ఈ పద్ధతి కుదరదని తెలిసింది. వైస్రాయ్ మేయో 1870లో కొన్ని శాఖలను రాష్ట్రాలకు అప్పగించాడు. పోలీసు, జైళ్లు, విద్య, వైద్యం, రోడ్లు వంటివి. వాటితోపాటు ఏడాదికి ఇంత అని ఒక ముద్ద సొమ్ము ఇచ్చాడు. ఆ సొమ్ము ఖర్చుకు సరిపోదు. మిగతాది మీరే స్థానికంగా పన్ను వేసి రాబట్టుకోండి అన్నాడు. 1877 నుంచి ముద్ద సొమ్ముకు తోడు కొన్ని పన్నుల రాబడి వదిలారు. 1882 నుంచి కొన్ని పన్నుల్లో వాటా ఇచ్చారు. ఈ మూడు దశలనూ అంబేడ్కర్ ఏడాది ఏడాదికీ అంకెలతో విప్పి చూపించారు.

పుస్తకం పేరులో వికేంద్రీకరణ కనబడుతుంది. లోపల ఆయన చూపిస్తున్నది వేరు. అధికారం పైనే ఉంచుకుని, లోటు మాత్రం కిందికి దించారని. కింద ఆ లోటును ఎవరు భరించారు? రైతు, కూలీ. మనకూ దీనితో చుట్టరికం ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1871లో లోకల్ ఫండ్ చట్టం వచ్చింది. భూమిశిస్తు మీద అదనంగా సెస్సు పడింది. ఆ డబ్బుతో రోడ్లు, బళ్లు, ఆసుపత్రులు. కోస్తా, రాయలసీమ ఊళ్లలో మన తాతలు లోకల్ ఫండు ఆసుపత్రి అని పిలిచిన మాటకు మూలం అదే. ఆ తర్వాత 1884లో లోకల్ బోర్డులు. ఇవాళ పంచాయతీకి 29 అంశాలు అప్పగించామని చెప్పి, డబ్బు, సిబ్బంది, అధికారం పైనే ఉంచుకునే ప్రభుత్వాలను చూస్తుంటే, వందేళ్ల నాటి ఆ పుస్తకంలో పాత్రల పేర్లు మారాయంతే అనిపిస్తుంది.

ఇక చదువు ముగించుకుని వచ్చిన మనిషికి ఏం జరిగింది? 1917లో బరోడా కొలువు. కాగితాలు చేతికి ఇవ్వకుండా విసిరేసే నౌకర్లు. పేరు మార్చుకుని దిగిన పార్సీ సత్రంలోంచి కర్రలతో వెళ్లగొట్టిన గుంపు. ఆ కథ ఇక్కడ మళ్లీ చెప్పను. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు సాక్ష్యమిచ్చారు. 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక మొదలైంది. మళ్లీ లండన్ వెళ్లి చదువు పూర్తి చేసుకుని 1923లో తిరిగొచ్చారు.

అదే ఏడు ఆగస్టు 4న బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం పెట్టారు. బోలే భండారీ కులస్థుడు, సంస్కర్త. ప్రజాధనంతో కట్టిన, ప్రజాధనంతో నడిచే, లేదా చట్టం ప్రకారం ఏర్పడిన సంస్థల అజమాయిషీలో ఉన్న చెరువులు, బావులు, సత్రాలు, బళ్లు, ఆసుపత్రులు, కచేరీలు అన్నింటినీ అంటరానివాళ్లు వాడుకోవచ్చు అన్నది దాని సారం. మండలి ఒప్పుకుంది. ప్రభుత్వం తన శాఖలకు ఆదేశాలు పంపింది. ఇక్కడ గమనించాల్సింది ఈ తీర్మానం నిలబడిన పునాది. అది దయ అడగలేదు, మత సంస్కరణ అడగలేదు. ఎవరి డబ్బు అని అడిగింది. పన్ను అందరిదీ అయితే నీళ్లూ అందరివీ.

కొలాబా జిల్లాలోని మహాడ్ మునిసిపాలిటీ 1924 జనవరిలో ఆ ప్రకారమే తీర్మానించింది. ఊళ్లోని చవదార్ చెరువు అందరిదీ అని. మునిసిపాలిటీ అధ్యక్షుడు సురేంద్రనాథ్ టిప్నిస్ ఆ తర్వాత ఉద్యమంలోనూ అంబేడ్కర్ పక్కన నిలిచిన మనిషి. తీర్మానం పుస్తకంలో ఉండిపోయింది. మూడేళ్లపాటు ఒక్క దళితుడూ ఆ నీళ్లు ముట్టలేదు. ముట్టనిచ్చేవాళ్లు లేరు. ముస్లింలు, క్రైస్తవులు తాగవచ్చు, పశువులు తాగవచ్చు. ఇలాంటి మునిసిపాలిటీలు చాలా ఉన్నాయి కాబట్టే బోలే 1926 ఆగస్టు 5న మళ్లీ లేచి, తీర్మానాన్ని అమలు చేయని మునిసిపాలిటీలకు, లోకల్ బోర్డులకు ప్రభుత్వ గ్రాంట్లు ఆపేయాలని ఇంకో తీర్మానం పెట్టారు. పనిచేయని స్థానిక సంస్థను దారికి తేవడానికి డబ్బు ముడి పట్టుకోవడం అన్న ఆలోచన మన దేశంలో చాలా పాతదే.

1927 మార్చి 19, 20 తేదీల్లో మహాడ్‌లో అణగారిన వర్గాల సభ జరిగింది. వేల మంది వచ్చారు. సభకు వచ్చినవాళ్లకు తాగునీళ్లు కావాలి. ఊళ్లో నీటి చోట్లేవీ వాళ్లు తాకకూడదు. నిర్వాహకులు 40 రూపాయలు పెట్టి సవర్ణుల దగ్గర నీళ్లు కొన్నారు. మునిసిపాలిటీ చట్టబద్ధంగా తమకు తెరిచిన చెరువు ఊరి నడిబొడ్డున ఉండగా ఆ నీళ్లు కొన్నారు. మార్చి 20న అంబేడ్కర్ ముందు నడిచారు. జనం వరసగా వెనక నడిచారు. చెరువు మెట్లు దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని తాగారు. ఇంతే చేసింది. ఆ తర్వాత వీరేశ్వర గుడిలోకి కూడా వస్తున్నారని పుకారు లేపి, తిరుగు ప్రయాణంలో ఉన్నవాళ్లను, అన్నం తింటున్నవాళ్లను కొట్టారు. 108 కుండల్లో పేడ, గోమూత్రం, పాలు, పెరుగు పోసి చెరువును శుద్ధి చేశామన్నారు.

దాడి కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తర్వాత మునిసిపాలిటీ చేసిన పని. 1927 ఆగస్టు 4న, అంటే బోలే తీర్మానానికి సరిగ్గా నాలుగేళ్లు నిండిన రోజున, మహాడ్ మునిసిపాలిటీ తన 1924 తీర్మానాన్ని రద్దు చేసుకుంది. చెరువును తెరవడానికి చేతకాని సంస్థకు మూయడానికి చేతనైంది. డిసెంబరులో రెండోసారి వెళ్దామని అంబేడ్కర్ పిలుపిస్తే, సవర్ణులు డిసెంబరు 14న కోర్టు నుంచి తాత్కాలిక ఆంక్ష తెచ్చారు. చెరువు మునిసిపాలిటీది కాదు, చుట్టూ ఉన్న ఇళ్లవాళ్ల సొంతం అని వాదించారు. అంటరానివాళ్లు ముట్టకపోవడం అనాది ఆచారమనీ అన్నారు. డిసెంబరు 25న మనుస్మృతి కాలింది. చెరువు దగ్గరికి మాత్రం కోర్టు ఆంక్షను గౌరవించి వెళ్లలేదు. ఆ నిర్ణయానికి సభలో ఉడుకు రక్తపు యువకులను ఒప్పించడం ఆయనకు తేలిక కాలేదు.

దావా పదేళ్లు నడిచింది. కింది కోర్టు 1931లో అంబేడ్కర్ పక్షాన తీర్పిచ్చింది. అప్పీళ్లు నడిచి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు కూడా అదే చెప్పింది. చెరువు మునిసిపాలిటీకి చెందినదే, అనాది ఆచారమని రుజువు కాలేదు అని. తీర్మానం నుంచి దోసెడు నీళ్ల హక్కు ఖరారు కావడానికి పదమూడేళ్లు. మన ఊళ్లో దళితవాడకు మంజూరైన వాటర్ ట్యాంకు ఊరి మధ్యలో ఎలా లేస్తుందో, శ్మశానం స్థలం కాగితం మీద ఉండి నేల మీద ఎందుకు ఉండదో కచేరీల చుట్టూ తిరుగుతున్న కార్యకర్తలకు ఈ పదమూడేళ్ల లెక్క కొత్తగా అనిపించదు.

మహాడ్ సభకు నెల ముందే, 1927 ఫిబ్రవరి 18న, అంబేడ్కర్ బొంబాయి శాసనమండలిలో నామినేటెడ్ సభ్యుడిగా ప్రమాణం చేశారు. వారం తిరక్కుండానే బడ్జెట్ మీద మాట్లాడారు. పంట పండినా ఎండినా చిన్న రైతు శిస్తు కట్టాలి, మరి ఆదాయపు పన్నుకు మాత్రం ఒక హద్దు దాటితేనే పన్ను. ఇదేం న్యాయం అన్నది ఆయన వాదం. మార్చిలో విద్య పద్దు మీద ఇంకో లెక్క తీశారు. రాష్ట్రంలో తలకు చదువు మీద పెడుతున్నది 14 అణాలు, సారా మీద తలకు రాబడుతున్నది రెండు రూపాయల పైచిలుకు. కనీసం సారాలో రాబట్టిందైనా చదువులో తిరిగివ్వండి అని అడిగారు. ప్రాథమిక విద్యను లోకల్ బోర్డుల చేతికి అప్పగించే విధానాన్నీ ఆయన వ్యతిరేకించారు. కారణం సూటిది. ఆ బోర్డుల్లో మనవాళ్లు లేరు. బడి ఎక్కడ కట్టాలో, పంతులు ఎవరో, పిల్లవాడిని ఏ మూల కూర్చోబెట్టాలో నిర్ణయించేది ఊరి పెద్దలే అయితే, ఆ వికేంద్రీకరణ మనకు ఉరితాడు అవుతుందని ఆయన భయం.

ఊరి పాలన అసలు ఎవరి చెమట మీద నడుస్తోందన్న ప్రశ్నను ఆయన 1928లో బిల్లు రూపంలోనే తెచ్చారు. మహర్లు వతన్‌దార్లు. అంటే ఊరికి, సర్కారుకు పుట్టుకతో వచ్చే నౌకరీ. శిస్తు మోసుకెళ్లడం, కబుర్లు చేరవేయడం, అధికారి వస్తే ముందు పరుగెత్తడం, చచ్చిన గొడ్డును లాగడం. పగలూ రాత్రీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు. ప్రతిఫలం కాస్త ఇనాం భూమి, రైతులు పెడితే పెట్టే గింజలు. మన దగ్గర వెట్టి, నీరటి, సుంకరి అని పిలిచిన పనులు తెలిసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. సర్కారుకు చేసే పనికి సర్కారే జీతమివ్వాలి, భూమి మీద పూర్తి హక్కు కావాలి, నౌకరీ వదులుకునే స్వేచ్ఛ ఉండాలి అని ఆయన బిల్లు అడిగింది. గ్రామ పాలనకు ఖజానా నుంచి పెట్టాల్సిన ఖర్చును శతాబ్దాలుగా ఒక కులం తన ఒంటితో కడుతోందని ఒక ఆర్థికవేత్త సభలో నిరూపించాడు. సభ ఒప్పుకోలేదు. బిల్లును నీరుగార్చేసరికి ఆయనే వెనక్కి తీసుకున్నారు. వతన్ల రద్దు చట్టం వచ్చేసరికి 1958. అప్పటికి ఆయన లేరు.

1928లోనే బొంబాయి ప్రభుత్వం అణగారిన వర్గాల, ఆదివాసుల పరిస్థితి మీద స్టార్ట్ అనే అధికారి అధ్యక్షతన కమిటీ వేసింది. అంబేడ్కర్ సభ్యుడు. ఆ పని మీద 1929లో చాలీస్‌గావ్ స్టేషన్‌లో దిగారు. శాసనమండలి సభ్యుడు, బారిస్టరు, రెండు డాక్టరేట్లు. టాంగావాళ్లు ఎక్కించుకోలేదు. మహర్‌వాడ కుర్రాడొకడు అనుభవం లేకపోయినా గౌరవంగా తీసుకెళ్దామని తానే టాంగా తోలాడు. కల్వర్టు మీద టాంగా తిరగబడి ఆయన కిందపడ్డారు, కాలికి దెబ్బ తగిలింది. మసూర్ బండికీ ఈ టాంగాకూ మధ్య 28 ఏళ్లు.

1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం. దాన్ని సీట్ల సంఖ్య కోసం, ప్రత్యేక నియోజకవర్గాలు పోయినందుకు మనం గుర్తుపెట్టుకుంటాం. అది న్యాయమే. అందులో చివరి రెండు షరతులను కూడా చదవాలి. స్థానిక సంస్థల ఎన్నికల్లో అణగారిన వర్గాలన్న కారణంతో ఎవరికీ అనర్హత ఉండకూడదని ఒకటి. ప్రతి రాష్ట్రంలో విద్య గ్రాంటులోంచి తగినంత సొమ్మును అణగారిన వర్గాల చదువుకు విడిగా తీసిపెట్టాలని ఇంకోటి. విడిగా తీసిపెట్టడం అన్న మాట అప్పుడే ఒప్పంద పత్రంలో పడింది. ఇవాళ సబ్ ప్లాన్ అంటున్నది దాని మనవడే.

సరిగ్గా పన్నెండు రోజులకు, అక్టోబరు 6న, బొంబాయి మండలిలో గ్రామ పంచాయతీల బిల్లు మీద అంబేడ్కర్ లేచారు. ఊళ్లకు పన్ను వేసే అధికారం, పనులు చేసే అధికారం, చిన్న తగాదాలు తీర్చే అధికారం ఇచ్చే బిల్లు అది. పాత పంచాయతీల గొప్పతనాన్ని చాలామంది పొగిడారు. ఆయన పొగడలేదు. వయోజనులందరికీ ఓటు ఇచ్చినా చాలదు, ఊళ్లో మావాళ్లు ఎప్పుడూ తక్కువే, కాబట్టి రిజర్వుడు స్థానాలు కావాలన్నారు. నామినేషన్ వద్దన్నారు. కులాలుగా చీలిన ఊళ్లో, ఓట్ల మీద ఆధారపడే పంచాయతీ పెద్దలకు తీర్పు చెప్పే అధికారం అసలే వద్దన్నారు. 1933లో చట్టం వచ్చింది.

ఇక్కడ ఒక అపార్థం ఉంది. అంబేడ్కర్ పంచాయతీలకే వ్యతిరేకి అని గాంధేయులు నిందగా, మనవాళ్లు కొందరు గొప్పగా చెప్తుంటారు. 1932 వాదాన్ని జాగ్రత్తగా చూస్తే అలా లేదు. ఊరికి అధికారం వద్దని ఆయన గొడవ కాదు. ఆ అధికారం కూర్చున్న అరుగు మీద దళితుడికి చోటు ఉందా అన్నదే గొడవ. చోటు లేకుండా డబ్బూ అధికారమూ ఊరికి పంపితే అది ఊరి పెద్దల చేతిలో ఇంకో కర్ర అవుతుంది.

1942 నుంచి 1946 వరకు ఆయన వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరు. ఈ నాలుగేళ్ల పనికి ఒక పుస్తకమే కావాలి. దామోదర్ నది లోయ పథకం ఆయన శాఖ చేతుల్లోనే రూపుదిద్దుకుంది. కేంద్రం, బెంగాల్, బీహార్ కలిసి ఖర్చు పంచుకుని ఒకే సంస్థగా నడపాలన్న ఏర్పాటు, కేంద్ర స్థాయిలో నీటి వనరులకు నిపుణుల కమిషన్, ఇవన్నీ ఆయన కొలంబియాలో చదివిన చదువుకు నేరుగా వాడకం. ఆ ఆనకట్టల కింద తర్వాత వేలాది ఆదివాసీ కుటుంబాలు భూములు పోగొట్టుకున్న మాట కూడా దాచకూడదు.

మెంబరు కుర్చీలో కూర్చున్న కొద్ది నెలలకే, 1942 అక్టోబరులో, వైస్రాయ్‌కి షెడ్యూల్డు కులాల ఇబ్బందుల మీద ఒక పత్రం ఇచ్చారు. ఉద్యోగాలు, చదువులు అందులో ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. ఉన్నాయి. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు ఆ తర్వాత కేంద్రం నుంచి 3 లక్షల రూపాయల స్కాలర్‌షిప్పులు వచ్చింది ఈ ప్రయత్నం వల్లే. దాంతోపాటు కేంద్ర పబ్లిక్ వర్క్స్ శాఖ కాంట్రాక్టర్ల పట్టికను కూడా ఆయన తిరగేశారు. వెయ్యికి పైగా ఉన్న కాంట్రాక్టర్లలో షెడ్యూల్డు కులాల మనిషి ఒక్కడే. రోడ్డు ఎవరి వాడకు వేస్తున్నారన్నదే కాదు, వేసే కాంట్రాక్టు ఎవరికి దక్కుతోందన్నదీ అభివృద్ధి లెక్కలో భాగమే అని 80 ఏళ్ల క్రితం ఆయన రాసిపెట్టారు.

1947లో రాజ్యాంగ సభ కోసం తయారు చేసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్ పత్రంలో ఇంకా ముందుకు వెళ్లారు. ఊరి మీద ఆధారపడినంత కాలం దళితుడికి విముక్తి లేదని, సాగుకు అనువైన సర్కారు భూముల్లో షెడ్యూల్డు కులాలకు విడిగా ఊళ్లు కట్టించాలని, అందుకు ఒక కమిషన్ ఉండాలని, దానికి కేంద్రం ఏటా 5 కోట్ల రూపాయలు ఇవ్వాలని ప్రతిపాదించారు. మంచి మాటలు చెప్పి వదిలేయడం ఆయనకు అలవాటు లేదు. ప్రతి కోరిక పక్కన పద్దు రాసేవారు. ఆ ప్రతిపాదన నెగ్గలేదు.

1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని సభ ముందు పెడుతూ, గ్రామాన్ని యూనిట్‌గా తీసుకోనందుకు సంతోషమని, గ్రామం అజ్ఞానానికీ కుల సంకుచితత్వానికీ నెలవు అన్న అర్థంలో ఆయన మాట్లాడారు. సభ భగ్గుమంది. మన ఎన్.జి. రంగా సహా చాలామంది తప్పుపట్టారు. నవంబరు 22న కె. సంతానం పంచాయతీల సవరణ తెచ్చారు. అంబేడ్కర్ వాదించకుండా ఒప్పుకున్నారు. టంగుటూరి ప్రకాశం లేచి హర్షం తెలిపారు. అదే నేటి 40వ అధికరణం. ఆదేశిక సూత్రం కాబట్టి కోర్టులో అమలు కాదు. రంగా, ప్రకాశం చూసిన ఊరు వేరు, మహర్‌వాడ నుంచి కనబడే ఊరు వేరు. ఆ రోజు సభలో రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

కేంద్రం, రాష్ట్రాల మధ్య డబ్బు పంపకాన్ని ఢిల్లీ దయకు వదలకుండా, అయిదేళ్లకోసారి ఫైనాన్స్ కమిషన్ తేల్చాలన్న 280వ అధికరణం కూడా ఆయన అధ్యక్షతన తయారైన ముసాయిదాలోదే. మేయో ముద్ద సొమ్ము చరిత్ర రాసిన మనిషి అక్కడ ఉన్నాడన్న సంగతి చాలా తక్కువ మంది చెప్తారు. 1951లో మొదటి కమిషన్ ఏర్పడింది. అదే ఏడు సెప్టెంబరులో హిందూ కోడ్ బిల్లు విషయంలో ఆయన మంత్రి పదవి వదిలేశారు. 1953 జనవరిలో ఉస్మానియా గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1954లో భండారా ఉప ఎన్నికలో ఓడిపోయారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం. డిసెంబరు 6న ఢిల్లీలో తుదిశ్వాస.

1932లో ఆయన అడిగిన రిజర్వుడు స్థానాలు 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణతో, 243డి అధికరణంగా, దేశమంతటికీ వచ్చాయి. 61 ఏళ్లు పట్టింది. పంచాయతీల నిధుల కోసం ప్రతి రాష్ట్రంలో ఫైనాన్స్ కమిషన్ వేయాలని 243ఐ చెప్పింది. కేంద్ర ఫైనాన్స్ కమిషన్ పంచాయతీల సంగతి కూడా చూడాలని 280కి చేర్పు జరిగింది. జనాభా నిష్పత్తిలో నిధులు విడిగా తీసిపెట్టాలన్న సబ్ ప్లాన్‌కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో చట్టం వచ్చింది. దాని వెనక దళిత సంఘాల ఏళ్ల పోరాటం ఉంది.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో చెక్కుల మీద సర్పంచ్‌తోపాటు ఉప సర్పంచ్ కూడా సంతకం పెట్టాలన్న ఏర్పాటు వచ్చింది. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉంది. ఉప సర్పంచ్‌ను వార్డు సభ్యులు ఎన్నుకుంటారు, ఆ పదవికి రిజర్వేషన్ లేదు. దళిత మహిళ సర్పంచ్‌గా ఉన్న ఊళ్లో దళితవాడ మురుగు కాలువ బిల్లు మీద రెండో సంతకం ఎవరిదో ఆ ఊరి రికార్డులు తెరిచి చూడవచ్చు. గ్రామ స్థాయిలో సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము లేదు.